చప్పుడు మానేసిన కంప్యూటరు

జొన్నలపాడు,
జనవరి 18.

మామయ్యకు స్తుతి వందనాలు.

ఫోన్లో మూడు ముక్కలు పెడితే "ఇది కంప్లయింటా, సినిమా పేరా" అని తిడతావు కదా, అందుకే నీ షాపు రూలు ప్రకారం కాగితం మీద మొదట్నించీ రాస్తున్నాను. చీమకుర్తిలో నీ బల్ల మీద "రాసివ్వనిదే స్క్రూ విప్పను" అని బోర్డు పెట్టావట, లారీ మాబు అన్న చెప్పి నవ్వాడు. చెవులు పూర్తిగా పోయాక నీకు కోపం పెరిగిందని కూడా అన్నాడు. నేను నమ్మలేదులే, నీ కోపం ముందునుంచీ అంతే.

కంప్లయింటు ఇదీ. క్రిస్మస్‌కి నువ్వొచ్చి పాత డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టి, ర్యాము నాలుగుని ఎనిమిది చేసి వెళ్ళావా? ఆ సాయంత్రం ఇరవై సెకన్లలో లేచింది. అమ్మ చేత చప్పట్లు కూడా కొట్టించాను. నువ్వు బస్సెక్కిన మర్నాటి నుంచీ ఏడుపే. స్విచ్చి వేశాక పది నిమిషాలు బుద్ధిగా ఉంటుంది. ఆ తర్వాత నేను మౌసు కదిపితే అది ఆలోచించుకుని కదులుతుంది. వీడియోలో మేష్టారు నోరు తెరిచి అలాగే ఉండిపోతాడు, పాపం, ఈగ దూరినా తెలీదు.

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. ఇదివరకు పిండిమరలాగా రొద పెట్టేది, ఇప్పుడు చప్పుడే లేదు. నా పనికి అంతకంటే ఏం కావాలి, పాఠంలో మాటలు శుభ్రంగా వినపడుతున్నాయి. స్విచ్చి వేయగానే నల్లతెర మీద ఇంగ్లీషు అక్షరాలు వస్తే నువ్వు ఎప్పుడో చెప్పినట్టే చదవకుండా ఎఫ్-వన్ నొక్కి ముందుకు పోతున్నాను.

నవ్వుతూ రాస్తున్నాను గానీ మామయ్యా, నాకు భయంగా ఉంది. పాఠాల వీడియోలు విని అడుగున తెలుగు అక్షరాలు వేసే ఈ ఉద్యోగం ఇంకా ట్రయల్లోనే ఉంది. మార్చి నెలాఖరు దాకా. అందులో మూడు ఫైళ్ళు ఆలస్యమైతే పేరు తీసేస్తారు. ఇప్పటికి ఒకటి అయింది. పేరు తీసేస్తే నేను ఎక్కడికి పోవాలో నీకు తెలుసు. జిన్నింగు మిల్లుకి. నిరుడు పత్తికి నిప్పంటుకున్న రోజు నా ముందు నిలబడ్డ రాజ్యమక్క కాలిన చేతులు నాకు ఇప్పటికీ కనపడతాయి. ఆ గేటు లోపలికి ఇంకోసారి నేను వెళ్ళలేను.

ఏం చెయ్యమంటావో తొందరగా రాయి.

స్తుతి


చీమకుర్తి,
జనవరి 23.

స్తుతీ,

ఏమే, ఉద్యోగం పోతుందని మూడు వారాలు గుడ్లప్పగించి కూర్చుని ఇప్పుడు రాస్తావా? మొదటి రోజే రాయొద్దూ?

సరే విను. నేను పెట్టిన డిస్కు కొత్తది, సీలు నీ ముందే చించాను. ర్యాము కూడా మంచిదే. వాటి జోలికి పోకు. సామాన్లు కొత్తవి వేసినప్పుడు విండోసు వెనకాల తన అప్‌డేట్లు తాను చేసుకుంటూ మనల్ని చంపుతుంది. అడుగున గీత మీద కుడి మౌసు నొక్కి టాస్కు మేనేజరు తెరువు. సీపీయూ, మెమరీ, డిస్కు, మూడిటి అంకెలూ కాగితం మీద రాయి. స్పీడు అని ఇంకో అంకె ఉంటుంది, అదీ రాయి. స్విచ్చి వేసిన వెంటనే ఒకసారి, అరగంటకి ఒకసారి. నువ్వు అనుకున్నవి కాదు, కనపడ్డవి రాయి.

ఎఫ్-వన్ గొడవ పాతదే. లోపల బిళ్ళ బ్యాటరీ అయిపోతే తేదీ మర్చిపోయి అలా అడుగుతుంది. నొక్కి ముందుకు పో.

పెట్టె నేను పెట్టిన చోటే ఉందా, ముందుగదిలో కిటికీ పక్కన? ఈ ఏడు ఆ గదిలో పత్తి పోయొద్దని మీ నాన్నకి చెప్పే వచ్చాను. ఇమ్మానియేలు బావ నా మాట వింటాడని నాకు నమ్మకం లేదు, అందుకే అడుగుతున్నా.

నేను బాగానే ఉన్నాను. షాపు బాగానే నడుస్తోంది. మీ అమ్మతో చెప్పు.

మీ మామయ్య,
శ్యామ్ సుందర్


జొన్నలపాడు,
ఫిబ్రవరి 3.

మామయ్యకు,

కనపడ్డవే రాస్తున్నాను. స్విచ్చి వేసిన వెంటనే సీపీయూ ఇరవై, మెమరీ నలభై, డిస్కు మూడు, స్పీడు 3.1. అరగంటకి సీపీయూ వంద, మెమరీ నలభై ఐదు, డిస్కు రెండు, స్పీడు 0.78. మళ్ళీ మళ్ళీ చూశాను, 0.78 దగ్గరే కూర్చుంది. అప్‌డేట్లన్నీ అయిపోయాయి. రెండో ఫైలు కూడా ఆలస్యమైంది. ఆఫీసులో నా పని చూసే తేజశ్రీ గారు "స్తుతిగారూ, ఇంకొక్కటే ఉంది, చూసుకోండి" అని మర్యాదగానే మెసేజ్ పెట్టింది.

పెట్టె నువ్వు పెట్టిన చోటే ఉంది. గది నువ్వు చూసినట్టే ఉంది. దుమ్ము పడకుండా అమ్మ తన పాత చీర కప్పుతోంది.

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. నాకు మధ్యాహ్నం పూట వాసన వస్తోంది. కమిలిన వాసన. అమ్మని పిలిచి చూడమంటే ముక్కు ఎగపీల్చి, ఏమీ లేదే పిచ్చిపిల్లా, అది మిల్లు వాసన, నీ ముక్కులోంచి ఇంకా పోలేదు అంటుంది. నిజమేనేమో. నిరుడు కూడా వారం రోజులు అన్నంలో ఆ వాసనే వచ్చింది కదా. కానీ అప్పుడు రోజంతా వచ్చేది. ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుంటేనే వస్తోంది. అక్కడ కూర్చుంటేనే ఉద్యోగం భయం కూడా వస్తుందనుకో. ఏది ఏదో నాకు తెలియట్లేదు మామయ్యా.

స్తుతి


చీమకుర్తి,
ఫిబ్రవరి 9.

స్తుతీ,

0.78 అంటే వేడి. లేదా కరెంటు సరిగా అందట్లేదు. లేదా నేను వేసిన సామాను పాడైంది. నాలుగు రోజులుగా ఈ మూడిటి మధ్య తిరుగుతున్నాను. ఇదివరకైతే పెట్టె మీద చెయ్యి వేసి, చెవి ఆనించి, ఒక్క నిమిషంలో రోగం చెప్పేవాణ్ణి. నీకు తెలుసు కదా.

నీకు ఒక నిజం చెప్పాలి. షాపు బాగానే నడుస్తోంది, నేనే నడవట్లేదు. క్వారీలో కోత మిషను దగ్గర పదేళ్ళు నిలబడ్డందుకు చెవులు పోతాయని తెలుసు, కానీ అవి పోయాక ఇంత పని పోతుందని అనుకోలేదు. పోయిన నెల బాగుచేసి ఇచ్చిన రెండు మెషీన్లు తిరిగొచ్చాయి. అవి బీప్ బీప్ మని మొత్తుకుంటుంటే నేను అన్నీ బాగున్నాయని డబ్బా కట్టేశాను. మా ఓనరు శ్రీకృష్ణ మంచివాడు, తిట్టలేదు. "శ్యామ్ గారూ, ఇకనుంచి కౌంటర్లో కూర్చోండి" అని కాగితం మీద రాసి చూపించాడు. ఇంతవరకూ సరేనని అనలేదు నేను. నీ మెషీను ఇక్కణ్ణించే బాగుచేసి చూపిస్తే నా మీద నాకు నమ్మకం వస్తుందని మొండిగా ఉన్నా. మీ అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది.

వాసన సంగతి అమ్మ చెప్పిందే నిజం అనుకుంటా. మిల్లు భయం నీకు అంత తొందరగా పోదు. దాన్ని పట్టించుకోకు.

ఇప్పుడు చెయ్యాల్సింది. కరెంటు తీసేసి, వెనకాల రెండు మరలు విప్పి, పెట్టె పక్క రేకు తీసెయ్. తీసి అలాగే ఉంచు. గది ఖాళీయే కాబట్టి గాలి ఆడి వేడి తగ్గుతుంది. జాగ్రత్త, లోపల ఫ్యాను గిర్రున తిరుగుతుంటుంది. నీకు తిరిగే మిషన్లంటే గుండె దడ కదా, అటు చూడకు, చెయ్యి పెట్టకు. రేకు తీసి ఇవతలకి వచ్చెయ్, అంతే.

మామయ్య


జొన్నలపాడు,
ఫిబ్రవరి 25.

మామయ్యకు,

మాబు అన్న లారీ గుంటూరు రోడ్డులో ఆగి ఉంది, రాసిస్తే రేపు మధ్యాహ్నానికి నీ చేతికిస్తానన్నాడు. కాబట్టి గబగబా.

రేకు తీసి పదిరోజులైంది. రెండు రోజులు కాస్త నయమనిపించింది, మళ్ళీ మామూలే. ఇంకా ఎక్కువైంది కూడా. నిన్న రెండుసార్లు దానంతట అదే ఆరిపోయింది. మూడో ఫైలు ఎల్లుండి ఇవ్వాలి. నలభై నిమిషాల పాఠం, నాలుగు నిమిషాలు అయింది.

నిన్న మిల్లు మేస్త్రి బుల్లయ్య వచ్చాడు. అరుగు మీద కూర్చుని, "ఏవయ్యా ఇమ్మానియేలూ, సీజను నడుస్తోంది, మనుషుల్లేరు, అమ్మాయిని సోమవారం నుంచి పంపు" అన్నాడు. నెలాఖరుకి చెబుతాంలే అంది అమ్మ. నెలాఖరంటే మూడు రోజులు.

నువ్వు ఫ్యాను తిరుగుతుందని భయపెట్టావు గానీ, నువ్వనుకున్నంత లేదు మామయ్యా. మొదటిరోజు కళ్ళు మూసుకుని రేకు తీశాను. తర్వాత మెల్లగా ఒక కన్ను తెరిచి చూస్తే లోపల ఏదీ తిరగట్లేదు. అంతా కదలకుండా బొమ్మలాగా ఉంది. వెనక మూల ఒకటి చిన్నగా తిరుగుతున్నట్టుంది, మధ్యలో పెద్దది మాత్రం కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు దాని పక్కనే ధైర్యంగా కూర్చుంటున్నాను.

నీకొక అబద్ధం రాశాను. ముందుగది ఖాళీగా లేదు. జనవరిలో ఆఖరు తీతలు వచ్చాక రేటు పడిపోయింది, కౌలు చేలో పత్తంతా నాన్న ముందుగదిలోనే పోశాడు. కిటికీ సగం దాకా ఉంది. "పదిరోజులేనమ్మా, రేటు రాగానే తీసేస్తా" అంటాడు. ఆ పదిరోజులు ఇంకా అవలేదు. నీకు చెబితే నువ్వు నాన్నతో పోట్లాడతావని, కంప్యూటరు తీసుకుపోతావని భయపడి రాయలేదు. నా కుర్చీ పత్తిలోనే ఉంది. అమ్మ మధ్యాహ్నం నాకు తోడుగా ఆ పత్తి మీదే పడుకుంటుంది, పరుపు కంటే మెత్తగా ఉందట. రేకు తీశాక పింజలు లోపలికి పోతున్నాయని చీర ఇంకా బాగా చుట్టింది.

వాసన ఇంకా వస్తోంది. నువ్వు పట్టించుకోవద్దన్నావని పట్టించుకోవట్లేదు.

స్తుతి


ఒంగోలు నుంచి గుంటూరు బస్సులో,
ఫిబ్రవరి 26, సాయంత్రం నాలుగున్నర.

స్తుతీ,

ఇది నీ చేతికి ఇవ్వాలని రాస్తున్నాను. నా చేతులు ఊరికే ఉండటం లేదు, అందుకూ రాస్తున్నాను. బస్సు కుదుపుకి అక్షరాలు వంకరపోతున్నాయి.

మాబు రెండింటికి నీ ఉత్తరం ఇచ్చాడు. "ఏదీ తిరగట్లేదు" అన్న చోట ఆగిపోయాను. మధ్యలో ఉన్న ఆ పెద్ద ఫ్యాను తిరక్కపోవడం ధైర్యపడాల్సిన సంగతి కాదే తల్లీ, అది తిరగాలి. ఆ మెషీనుకి వేడి తగ్గించేది అదొక్కటే. వెంటనే నీకు మెసేజ్ పెట్టాను, స్విచ్చి ఆపు, బయటికి పోండి అని. ఒక్క టిక్కే పడింది. మాబు చేత ఫోను చేయించాను, స్విచాఫ్ అంటోందట. మీ నాన్నది మోగుతోందట, ఎవరూ ఎత్తట్లేదట. మాబు తల అడ్డంగా ఊపినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చింది. ఐదుసార్లు చేయించి బస్సెక్కాను.

నీ ఉత్తరాలన్నీ జేబులో పెట్టుకొచ్చాను. మళ్ళీ చదివాను. మొదటిదాంట్లోనే రాశావు కదే, చప్పుడే లేదు అని. అంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? వేరే ఏ మెకానిక్కయినా ఆ ముక్క దగ్గరే ఆగేవాడు. నేను దాని మీదుగా దాటిపోయాను. చప్పుడు అనే మాట నాకు ఇప్పుడు ఏమీ కాదు, కళ్ళు దాని మీద ఆగవు. ఎఫ్-వన్ సంగతి కూడా. బిళ్ళ బ్యాటరీ నేను డిసెంబర్లోనే మార్చాను. మార్చిన వాణ్ణి నేనే, ఆ అక్షరాలు ఇక రాకూడదని నాకు తట్టొద్దూ? ఫ్యాను తిరగట్లేదని అది రోజూ పొద్దున్నే చెబుతోంది, చదవకుండా నొక్కమని నేను నేర్పాను.

ర్యాము పెట్టడానికి అడ్డొచ్చి ఫ్యాను వైరు పీకాను. తిరిగి గుచ్చలేదు. చెవులుంటే స్విచ్చి వేసిన క్షణంలో తెలిసేది. ఆ రోజు మీరంతా చప్పట్లు కొడుతుంటే మీ మొహాలు చూసి నవ్వుతూ డబ్బా బిగించేశాను.

పైగా రేకు తియ్యమన్నాను. పత్తిలో. వాసన పట్టించుకోవద్దన్నాను. నీ ముక్కుని నమ్మొద్దని నీకు చెప్పినవాణ్ణి నేను.

అద్దంకి దాటాం. పక్కన కూర్చున్న ముసలాయన ఏదో అడుగుతున్నాడు, నా మొహం ఎలా ఉందో మరి. అక్క ఇప్పుడు పత్తి మీద పడుకుని ఉంటుంది. దేవా, అక్క లేవాలి. నీకు ఏమీ కాకూడదు.

ఇంక నేను స్క్రూడ్రైవరు పట్టను. ఈ మెషీను మిగిలితే శ్రీకృష్ణ చేత బాగుచేయిస్తాను. నేను కౌంటర్లో కూర్చుంటాను. ఇది ఒట్టు.

మామయ్య


జొన్నలపాడు,
మార్చి 1.

మామయ్యకు,

ఆ రోజు నువ్వు గుమ్మంలోకి వచ్చి, నన్నూ అమ్మనీ తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసి, నీ ఉత్తరం నా చేతిలో పెట్టి, వాకిట్లో ఉన్న నల్లపడ్డ పెట్టెను చంకనెత్తుకుని వెళ్ళిపోయావు. అమ్మ సందు చివరిదాకా "ఒరేయ్, అన్నం తిని పోరా" అని అరుస్తూ పరిగెత్తింది. నీకెలా వినపడుతుంది? ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఈ ఉత్తరం అందగానే అమ్మకి ఒక ముక్క రాయి.

నువ్వు నిలబడి ఉంటే చెప్పేదాన్ని. ఏం జరిగిందో రాస్తున్నాను.

ఆ రోజు ఒంటిగంటకి నేను పాఠంలో ఆరో నిమిషం దగ్గర ఉన్నాను. వాసన వచ్చింది. పట్టించుకోలేదు. మళ్ళీ వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ పత్తిలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నిరుడు మిల్లు కాలిన రోజు కూడా నాకు ముందే వాసన వచ్చింది మామయ్యా. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. వచ్చిందని బుల్లయ్యకి చెబితే, పని చూసుకో, నీకు అన్నీ వాసనలే అన్నాడు. నేను పని చూసుకున్నాను. పావుగంటకి రాజ్యమక్క చేతులు అలా అయ్యాయి. అమ్మ కాళ్ళు చూస్తుంటే అదంతా గుర్తొచ్చి, ఉద్యోగం పోతే పోయిందిలే అనుకున్నాను. లేచి చీర లాగేశాను.

చీర లోపలి మడత గోధుమరంగుకి తిరిగింది. మధ్యలో ఫ్యానుకి చుట్టుకున్న పింజల్లో ఒకటి ఎర్రగా ఉంది. మంట కాదు, ఎరుపు. పొగ దారంలాగా లేస్తోంది. స్విచ్చి కొట్టి, వైర్లతో సహా పెట్టెను రెండు చేతుల్తో ఎత్తి వాకిట్లోకి విసిరాను. ఛార్జింగుకని దానికి గుచ్చి ఉన్న నా ఫోను గడపకి కొట్టుకుని పగిలింది, అందుకే స్విచాఫ్. బయటపడ్డాక మండింది. నాన్న చేలోంచి వచ్చి మట్టి పోశాడు. ఆ తర్వాత ఇంకెవరి మాటా వినకుండా చీకటి పడేదాకా పత్తి మొత్తం చర్చి వసారాలోకి మోశాడు. ఫోను ఇంట్లోనే వదిలేశాడు, అందుకే ఎత్తలేదు. నువ్వు వచ్చినప్పుడు కూడా అక్కడే ఉన్నాడు. "మీ మామ చెప్పినప్పుడే వినాల్సింది" అని నాతో అన్నాడు. ఈ మాట నీ ముందు చచ్చినా అనడు, కాబట్టి నేనే రాస్తున్నాను.

నా చేతుల మీద రెండు బొబ్బలు, అంతే. ఆ రోజే పక్కింటివాళ్ళ ఫోన్లోంచి తేజశ్రీ గారికి ఉన్నదంతా చెప్పాను. మార్చి పదిహేను దాకా ఆగుతానంది. ఆ లోపు మెషీను పనిచెయ్యాలి, లేకపోతే ఆవిడ చేతుల్లో కూడా లేదట. బుల్లయ్య కూడా పదిహేను తర్వాతే వస్తానన్నాడు. కాబట్టి భయం పోలేదు మామయ్యా, పద్నాలుగు రోజులు ఉంది.

నీ ఒట్టు సంగతి. నేను ఒప్పుకోను. నువ్వు ఒక వైరు మర్చిపోయావు, నేను ఒక అబద్ధం రాశాను. పత్తి ఉందని రాసి ఉంటే నువ్వు రేకు తియ్యమనేవాడివి కాదు. నా అబద్ధానికి నేను ఉద్యోగం మానేస్తానంటే నువ్వు ఊరుకుంటావా, చెంప పగలగొడతావు. ఈ మెషీను శ్రీకృష్ణ గారు బాగుచేసి పంపితే నేను తీసుకోను. నువ్వే చెయ్యాలి.

ఈ కాగితం మడతలో ఒక పింజ పెట్టాను. వసారాలో కుప్పలోంచి తెచ్చి గింజ తీసేశాను. దాన్ని సన్నటి దారానికి కట్టుకో. డబ్బా బిగించే ముందు ప్రతి ఫ్యాను ముందూ పట్టుకో. నాకు వినపడేది నీకు అది చూపిస్తుంది. బీప్‌ల సంగతి నాకు తెలీదు, దానికి నువ్వే ఏదో ఒకటి ఆలోచించు. ముందు ఇది చూడు.

నీ ఉత్తరం కోసం ఎదురు చూస్తుంటాను.

స్తుతి


చీమకుర్తి,
మార్చి 11.

స్తుతీ,

పింజ కదిలింది. కాలిన సామాన్లు మార్చి, ఇప్పుడే మాబు లారీలో మెషీను ఎక్కించాను. రేపు పొద్దున్న స్విచ్చి వేసి, ఎఫ్-వన్ అడిగితే నొక్కకు, ఏం రాసి ఉందో చదివి నాకు రాయి. చప్పుడు ఎలా ఉందో కూడా రాయి. ఈసారి ఆ ముక్క దగ్గర ఆగుతాను.

అక్కకి వేరే కాగితం పెట్టాను.

మామయ్య